గాజులమ్మిన తాతయ్య చెప్పే పాఠం

ఆధ్యాత్మికం అనగానే గుడి, ప్రవచనం, తీర్థయాత్ర గుర్తొస్తాయి. అవి పెద్దలు తీసుకెళ్తేనే పిల్లలకు అందుతాయి. పిల్లలు తమంతట తాము రోజూ కలిసేది పూలమ్మే అవ్వను, ఆటో అన్నను, వీధి ఊడ్చే అక్కను. వీళ్ల దగ్గర నేర్చుకునేది కూడా ఆధ్యాత్మికమేనా? అవునని చెప్పే జీవితం ఒకటి బెంగళూరుకు దగ్గర్లోనే ఉంది.

దారిలో దొరికిన గురువు

చిక్కబళ్లాపుర జిల్లా చింతామణి తాలూకా కైవారంలో 1726లో నారాయణప్ప పుట్టారు. ఈ ప్రాంతంలో అందరూ ఆయన్ను కైవారం తాతయ్య అంటారు. గాజుల వ్యాపారం చేసే బలిజ కుటుంబం. గాజుల మలారం మోసుకుంటూ ఊరూరా తిరగడమే బతుకుదెరువు. లాభం లెక్కలు ఆయనకు అబ్బలేదని, అందుకు ఇంట్లో మాటలు పడేవారని చెబుతారు. ఆ రోజుల్లోనే ఒక పరదేశి స్వామి తారసపడ్డారు. అష్టాక్షరీ మంత్రం ఉపదేశించి, గులకరాయి నోట్లో ఉంచుకుని జపం చేయమన్నారు. అది కలకండగా మారిన రోజున తపస్సు పండినట్టని చెప్పారట. నారాయణప్ప కొండ గుహలో కూర్చున్నారు, రాయి తియ్యబడింది అని భక్తుల నమ్మకం.

ఆ తర్వాత ఆయన యోగి నారేయణగా పేరు పొందారు. తెలుగు, కన్నడం రెండింటిలోనూ కీర్తనలు కట్టారు. అమర నారేయణ శతకం, కాలజ్ఞానం ఆయనవే. 1836లో, 110 ఏళ్ల వయసులో జీవసమాధి పొందారని చెబుతారు.

ఈ కథలో మహిమను పక్కన పెట్టినా పాఠం మిగులుతుంది. గురువు ఆయనకు కనిపించింది కూలిబతుకు నడుస్తుండగానే. గాజులు తొడిగే పనిని కూడా ఒకసారి గమనించండి. ముందు ఎదుటి మనిషి చెయ్యి చూడాలి. పొలం పనులతో కాయలు కాచిన చెయ్యా, బాలింత చెయ్యా తెలుసుకోవాలి. వేళ్లు దగ్గరికి నొక్కి, మాటల్లో పెట్టి, నొప్పి తెలియకుండా గాజు ఎక్కించాలి. తొందరపడితే గాజు చిట్లుతుంది, చెయ్యి తెగుతుంది. బాధలో ఉన్న మనిషిని పలకరించడానికీ ఇదే ఓర్పు కావాలి.

తరగతిలో ఒక ప్రయత్నం

మా బడికి వచ్చే పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు కూలిపనుల మీద ఈ నగరానికి వచ్చినవాళ్లు. బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. అమ్మ పని, అమ్మ మాట రెండూ నలుగురిలో చిన్నతనంగా అనిపించే వయసు పిల్లలది. ఒక పాప తన తల్లికి, పేరెంట్స్ మీటింగ్‌కు డ్యూటీ కోటుతో రావద్దని చెప్పింది. ఆ తల్లి ఆ రోజు రానే లేదు.

కైవారం తాతయ్య పాఠం చెప్పిన వారం పిల్లలకు ఒక పని ఇచ్చాం. డబ్బు ఇవ్వకుండానే మీకు మేలు చేసిన ఒకరి గురించి పది వాక్యాలు రాయమన్నాం. ఒక అబ్బాయి తన వీధి ఊడ్చే ఆమె గురించి రాశాడు. వాడి తల్లి తెల్లవారకముందే పనికి వెళ్తుంది. గడప మీద ఒంటరిగా కూర్చున్న వాణ్ని ఆమె రోజూ “తిన్నావా నాయనా?” అని అడుగుతుందట. ఆ మాట కోసమే తొందరగా లేస్తానని రాశాడు. చదువుతుంటే తరగతి నిశ్శబ్దమైపోయింది. ఆ పాప వాణ్ని ఏ వీధి అని అడిగింది, అంతే.

తర్వాతి మీటింగ్‌కు ఆ తల్లి కోటుతోనే వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా రావడంతో వేరే దారి లేదు. కూతురు గేటు దాకా ఎదురెళ్లింది.

ఇంట్లో ఏం చేయొచ్చు

రాత్రి భోజనాల దగ్గర పిల్లల్ని మార్కులతో పాటు, “ఈరోజు ఎవరు పలకరించారు? నువ్వు ఎవర్ని పలకరించావు?” అని అడగండి. మీ పని గురించి దాచకుండా తెలుగులో చెప్పండి. తాతయ్య కన్నడంలోనూ పాడారు కాబట్టి ఒక భాష కోసం ఇంకోదాన్ని వదులుకోనక్కర్లేదని పిల్లలకు తెలుస్తుంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. బడిలో ఆ సదుపాయం ఉన్నా, ఇంట్లో మాట ఆగిపోతే అది నిలవదు.

ఉపాధ్యాయులు ఒకటి గుర్తుంచుకోవాలి. పలకరింపు మందు లాంటిదే కానీ అన్నిటికీ మందు కాదు. పిల్లలు వారాల తరబడి తినకుండా, నిద్రపోకుండా, ఎవరితోనూ కలవకుండా ఉంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

గురుపౌర్ణమికి కైవారంలో తాతయ్య పేరిట సంగీతోత్సవం జరుగుతుంది. వీలైతే పిల్లల్ని తీసుకెళ్లండి. దారిలో గాజులమ్మే వాళ్లు కనబడితే కాసేపు ఆగి, వాళ్లతో పిల్లల్ని మాట్లాడనివ్వండి.