విమానం కిట్ కొన్నారా... పెట్టె మీది అంకె చూశారా?

యుద్ధ విమానాల ప్లాస్టిక్ నమూనాలు పిల్లలకు ఓపిక నేర్పుతాయి, వేళ్లకు పనితనం ఇస్తాయి. కాకపోతే కొత్త కిట్ కొనేటప్పుడు పెట్టె మీది బొమ్మను చూస్తే చాలదు. దాన్ని అతికించే జిగురు, పూసే రంగు, కూర్చునే గది కూడా చూసుకోవాలి.

గుమ్మఘట్టలో ఓ ఇల్లు అనుకోండి. పదేళ్ల బాబు పుట్టినరోజుకు బెంగళూరులో ఉండే మేనమామ పార్సిల్ పంపాడు. విప్పితే లోపల మిగ్-21 నమూనా కిట్. సన్నని ప్లాస్టిక్ కాడలకు అంటుకుని రెక్కలు, చక్రాలు, తోక ముక్కలు ఉన్నాయి. జిగురు, రంగులు మాత్రం లేవు. విడిగా కొనుక్కోవాలని పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఇలాంటి నమూనాలకు వాడే జిగురు మండల కేంద్రంలో ఎక్కడ దొరుకుతుంది? నాన్న సైకిల్ షాపు నుంచి పంక్చర్ సొల్యూషన్ తెచ్చిచ్చాడు. బయట ఎండ. బాబు కిటికీలు మూసుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు. కాసేపటికి తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలయ్యాయి. ఈలోగా రెండేళ్ల చెల్లి కింద పడిన చక్రాన్ని నోట్లో పెట్టుకోబోయింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏం చూసి కొనాలో ఎవరూ చెప్పకపోవడమే ఇబ్బంది. 1963లో మన వాయుసేనలో చేరిన మిగ్-21కు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. అలాంటి విమానాన్ని సొంత చేతులతో కూర్చుకోవడం ఏ పిల్లాడికైనా సరదాయే. ఆ సరదా పాడుకాకుండా చూసుకుందాం.

ఆ అంకె తెలివికి కొలత కాదు

చాలా కిట్ల మీద 14+ అని ఉంటుంది. ‘మావాడు చురుకైనవాడు, పదేళ్లకే చేసేస్తాడు’ అనుకుంటాం. ఆ అంకె పిల్లాడి తెలివిని కొలిచేది కాదు. లోపల మొనదేలిన ముక్కలున్నాయని, బ్లేడు, ఘాటు జిగురు వాడాల్సి ఉంటుందని చేసే హెచ్చరిక.

ఇంకో సంగతి కూడా ఉంది. మన దేశంలో పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఆ నిబంధన 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే వస్తువులకు. 14+ అని రాసిన నమూనా కిట్‌ను ఆటబొమ్మగా పరీక్షించి ఉంటారని అనుకోవడానికి లేదు. కాబట్టి అంతకన్నా చిన్న పిల్లలకు ఇస్తే పెద్దవాళ్లు మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉండాలి.

చిన్నవాళ్లకు జిగురు అక్కర్లేని కిట్లు ఉన్నాయి. ఎయిర్‌ఫిక్స్ ‘క్విక్‌బిల్డ్’, రెవెల్ ‘ఈజీ క్లిక్’ రకాల్లో ముక్కలను నొక్కితే చాలు, బిగుసుకుంటాయి. మొదటి విమానానికి ఇవే మేలు.

సరిగా అమరితే సగం జాగ్రత్త పడ్డట్టే

నమూనాలు చేసే అలవాటున్నవాళ్లు కొత్త కిట్ రాగానే ముక్కలు ఒకదానికొకటి ఎంత బాగా అమరుతున్నాయో చూస్తారు. అంచుల్లో ప్లాస్టిక్ పొరలు వేలాడుతున్నాయా అని పరిశీలిస్తారు. ఇది అందం కోసమే అనుకోకండి. అమరిక సరిగా లేకపోతే సందులు పూడ్చడానికి ఎక్కువ జిగురు, పుట్టీ కావాలి. తర్వాత బ్లేడుతో చెక్కాలి, గరుకు కాగితంతో రుద్దాలి. అంటే ఘాటు వాసన, దుమ్ము, వేళ్లు తెగే ప్రమాదం అన్నీ పెరుగుతాయి.

పెట్టె కొత్తదైనా లోపలి అచ్చు దశాబ్దాల నాటిది కావచ్చు. పాత అచ్చునే కొత్త బొమ్మతో మళ్లీ అమ్మడం ఈ రంగంలో మామూలే. కొనేముందు అచ్చు ఎప్పటిదో, ముక్కలు ఎన్నో కనుక్కోండి. మొదటిసారికి తక్కువ ముక్కలున్న కిట్ చాలు.

సైజు కూడా చూడాలి. 1:72 అంటే అసలు విమానంలో 72వ వంతు. ఆ లెక్కన మిగ్-21 రెక్కల వెడల్పు 10 సెంటీమీటర్లు. 1:48లో దాదాపు 15 సెంటీమీటర్లు. సైజు తగ్గేకొద్దీ ముక్కలు చిన్నవవుతాయి, కళ్లకు శ్రమ పెరుగుతుంది.

అసలు జాగ్రత్త జిగురు దగ్గరే

ఈ కిట్లు ఎక్కువగా పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తో చేసినవి. వీటి జిగురు కాగితాన్ని అంటించే బంకలా పనిచేయదు. అందులోని ద్రావకం ప్లాస్టిక్ అంచును కొద్దిగా కరిగిస్తుంది. ద్రావకం ఆవిరయ్యాక రెండు ముక్కలూ ఒకటైపోతాయి. ఆ ఆవిరినే మనం పీలుస్తాం. మూసిన గదిలో ఎక్కువసేపు పీలిస్తే తలనొప్పి, తల తిరగడం, వికారం, కళ్లమంట రావచ్చు. ఆస్తమా ఉన్న పిల్లల్లో ఆయాసం పెరగొచ్చు. ఎండ వేడికి ద్రావకం ఇంకా త్వరగా ఆవిరవుతుంది.

పంక్చర్ సొల్యూషన్, చెప్పులకు వాడే జిగురు, హార్డ్‌వేర్ షాపు థిన్నర్ దీనికి ప్రత్యామ్నాయం కావు. ఇలాంటి వాటిలో టొల్యూన్ వంటి ద్రావకాలు ఉండొచ్చు. రబ్బరు జిగురు ఈ ప్లాస్టిక్‌ను సరిగా పట్టుకోదు కూడా. కిట్‌తో పాటే నమూనాల జిగురును తెప్పించుకోవడం ఉత్తమం. నారింజ వాసన వచ్చే లిమోనీన్ రకం ఘాటు కొంత తక్కువ. అయినా గాలి ఆడే చోటే వాడాలి. మామూలు గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు.

ఎదిగే పిల్లల విషయంలో ఇంకో మాట. జిగురు, థిన్నర్ వాసనను కావాలని పీల్చే అలవాటు నరాలను, మెదడును దెబ్బతీస్తుంది. ఒక్కోసారి గుండె లయ తప్పి ప్రాణం మీదికి తెస్తుంది. సీసాలు పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. పని అయ్యాక లెక్క చూసి బీరువాలో పెట్టండి.

కూర్చునే చోటు, చేసే తీరు

* గాలికి మన అనంతపురం జిల్లాలో కొదవ లేదు. వసారాలోనో, కిటికీలు రెండూ తెరిచిన గదిలోనో కూర్చోవాలి. ముక్కలు ఎగిరిపోకుండా అంచున్న పళ్లెంలో పెట్టుకోవాలి.
* పొయ్యి, దీపం, అగరుబత్తి దగ్గర వద్దు. ద్రావకాలకు త్వరగా నిప్పు అంటుకుంటుంది.
* నీటితో కలిపే యాక్రిలిక్ రంగులను బ్రష్షుతో వేయడం మంచిది. స్ప్రే డబ్బాలు గదిలో వాడొద్దు.
* గరుకు కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు.
* ముక్కలను కాడ నుంచి చిన్న కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించాలి. బ్లేడు వాడాల్సి వస్తే పెద్దవాళ్లే వాడాలి. మొండి బ్లేడుకు బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, అందుకే అది జారి తెగుతుంది.
* ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి. సాయంత్రం ఆరుబయట ఆట మానకూడదు.
* థిన్నర్‌ను కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయొద్దు.
* పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే నేల ఊడ్చి, ముక్కలు లెక్కపెట్టాలి.

పొరపాటు జరిగితే...

* తల తిరిగితే: వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లాలి. మగతగా ఉన్నా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి.
* థిన్నర్ మింగితే: వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు తాగించొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియాకు దారితీస్తుంది. 108కు ఫోన్ చేయాలి.
* సూపర్‌గ్లూతో వేళ్లు అంటుకుంటే: లాగొద్దు. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. కంట్లో పడితే నీళ్లతో కడిగి వైద్యుల దగ్గరికి వెళ్లాలి. రెప్పలను బలవంతంగా తెరవొద్దు.
* వేలు తెగితే: నీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టాలి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. 10, 16 ఏళ్లకు వేయించే టీడీ టీకా పడిందో లేదో చూసుకోవాలి.
* ముక్క గొంతులో ఇరుక్కుంటే: గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. ఊపిరి, మాట రాకపోతే ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు చరచాలి. అప్పటికీ రాకపోతే, ఏడాది దాటిన పిల్లలకు వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. ఈలోగా ఒకరు 108కు ఫోన్ చేయాలి. కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు.

ఆ గుమ్మఘట్ట ఇంటికే మళ్లీ వెళ్దాం. పార్సిల్ పంపేముందు మేనమామ ఒక్క ఫోన్ చేసి ‘ఇంట్లో పాప ఉంది కదా, జిగురు అక్కర్లేనిది పంపనా?’ అని అడిగితే సరిపోయేది. ఆదివారం ఉదయం చల్లగా ఉన్నప్పుడు తండ్రీ కొడుకులు వసారాలో కూర్చుని రెక్కలు బిగించేవారు. 14+ కిట్‌కు తొందరేం లేదు. నాలుగేళ్లు ఆగినా అది ఎక్కడికీ ఎగిరిపోదు.