కోర్టు మెట్లూ, బడి మెట్లూ

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడ్చాడని మనలో ఒక సామెత ఉన్నది. న్యాయస్థానాన్ని గురించి మన పిల్లలు మొట్టమొదట వినే పాఠం ఇదే. ఆ తరువాత ఎప్పుడో సాంఘిక శాస్త్రం పుస్తకంలో రాజ్యాంగం వస్తుంది. ప్రాథమిక హక్కులు ఎన్ని? ఆరు. సుప్రీంకోర్టు ఎక్కడ ఉన్నది? ఢిల్లీలో. సామెత జన్మంతా గుర్తుంటుంది. ఆరు హక్కులూ పరీక్ష మరునాటికి మరపున పడతాయి.

తప్పు పిల్లలది కాదు. పాఠం చెప్పే ఉపాధ్యాయునికి రాజ్యాంగం ఎవరు నేర్పారు? జీతభత్యాల నిబంధనలూ, సెలవుల లెక్కలూ అనుభవం మీద వస్తాయి. చట్టం మాత్రం ఎవరైనా కూర్చోబెట్టి చెప్పవలసిందే. “ఉపాధ్యాయులకు చట్టం దేనికి, వాళ్ళేమైనా ప్లీడర్లా?” అనే వారికి రాప్తాడు వైపు చూడమని మనవి.

రాప్తాడు అనంతపురం నుంచి బెంగుళూరు వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఉన్నది. వాన మొగం చాటేసి, వేరుసెనగ చేను ఎండిపోయిన ఏడు ఈ ప్రాంతంలో కొన్ని ఇళ్ళకు తాళం పడుతుంది. ముసలివాళ్ళను ఊళ్ళో ఉంచి, భార్యాభర్తలు పిల్లలతో సహా బెంగుళూరుకు కూలికి పోతారు. సంక్రాంతి దాటాక తిరిగివచ్చిన తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని బడికి వచ్చి, “అయ్యవారూ, పిల్లోన్ని చేర్చుకోండి సామీ” అంటాడనుకోండి. టి.సి. ఏదీ? లేదు. పుట్టినతేదీ కాగితం? అదీ లేదు. “ఇప్పుడేం చేర్చుకుంటామయ్యా, జూన్‌లో రా” అనడం సులభం. అలా అన్న అయ్యవారు దుర్మార్గుడు కానక్కరలేదు. ఆయన ఎరుకలో అది రూలు.

అసలు రూలు వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలను గురించి స్పష్టంగా చెపుతున్నది. టి.సి. ఆలస్యమైందని చేర్చుకోవడం మానరాదు. వయసు పత్రం లేదని తిప్పి పంపరాదు. గడువు దాటిందనీ కాదనరాదు. చదువు వెనకబడితే వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని, ప్రత్యేకంగా నేర్పాలి. టి.సి. ఇవ్వకుండా తాత్సారం చేసిన ప్రధానోపాధ్యాయుని మీద క్రమశిక్షణ చర్య కూడా ఉన్నది. ఈ నాలుగు ముక్కలు తెలిసి ఉంటే ఒక పిల్లవాడి ఏడాది దక్కుతుంది. తెలియకపోతే బహుశా వాడి చదువే పోతుంది.

ఈ చట్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు. దాని వెనుక మన రాష్ట్రం పేరు ఉన్న వ్యాజ్యమే ఒకటి ఉన్నది. కాలేజీల కాపిటేషన్ ఫీజుల తగాదా సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1993లో ‘ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ కేసులో, 14 ఏళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కేనని న్యాయమూర్తులు తేల్చారు. 2002లో 86వ సవరణ ద్వారా ఆ హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది. చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది.

ఇంకొక కేసు ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోదగినది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసివేశారు. జాతీయగీతం పాడేటప్పుడు వాళ్ళు వినయంగా లేచి నిలబడ్డారు, కాని తమ మతవిశ్వాసం ఒప్పదని పాడలేదు. హైకోర్టులో ఓడిపోయారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమన్నది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారే. నిలబడి గౌరవించినవాడు గీతాన్ని అవమానించినట్లు కాదన్నది అందులోని సారం. తరగతి గదిలో ఈ కథ చెప్పి, “మీరే జడ్జీలైతే ఏమంటారు?” అని అడిగి చూడండి. వెనక బెంచీ కూడా చెయ్యి ఎత్తుతుంది.

కోర్టు మాటకు ఎంత బరువున్నదో చెప్పడానికి అనంతపురం పిల్లలకు దూరం పోనక్కరలేదు. ఇదే జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు రాజ్యాంగ సభ సభ్యులు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల పర్యవసానంగా 1964లో ఆయన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. అదే పెద్దమనిషి 1977లో రాష్ట్రపతి అయినారు.

ఇటువంటివి ఉపాధ్యాయులకు ఎప్పుడు నేర్పాలి? 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటల శిక్షణ పొందాలంటున్నది. అందులో ఐదు గంటలు రాజ్యాంగానికి ఇవ్వరాదా? అమెరికాలో ఏటా వేసవిలో కొందరు ఉపాధ్యాయులను వాషింగ్టన్‌కు పిలిపించి, సుప్రీంకోర్టు పనితీరును కేసుల ద్వారా నేర్పుతారు. మనం అంత దూరం వెళ్ళనక్కరలేదు. రాప్తాడు అయ్యవార్లు ఒక పూట అనంతపురం జిల్లా కోర్టులో వెనక వరుసన కూర్చుంటే చాలు. విచారణ సాధారణంగా బహిరంగమే. మధ్యాహ్నం ఒక తీర్పు తీసుకుని సగంమంది వాదిగా, సగంమంది ప్రతివాదిగా వాదించుకోవచ్చు. ఉపన్యాసమైతే నిద్ర వస్తుంది. వాదనలో ఎవరికీ నిద్ర రాదు.

చివరగా ఒక్క మాట, ఇది తల్లిదండ్రులకు కూడా. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, పిల్లలకూ ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. అర్హుల జాబితాలో వరద, భూకంపంతోపాటు కరువు బాధితుల పేరు కూడా చట్టమే రాసిపెట్టింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ పెట్టుకుంటే చాలు. కరువు సీమలో ఈ సంగతి ఊరికి ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఆ ఒక్కరు బడి అయ్యవారే కావడం మంచిది. ఊరి పిల్లలందరూ పోయేది ఆయన దగ్గరికే గదా!