కేబుల్ వచ్చింది, సరుకు మాత్రం ఓడలోనే: ఆస్టినాబాద్ చిరు వ్యాపారులకు సామాజిక మాధ్యమాలు

అండమాన్ నికోబార్ దీవుల్లో ఇంటర్నెట్ ఒకప్పుడు ప్రధానంగా ఉపగ్రహాల మీదనే ఆధారపడేది. చిన్న వీడియో పంపడానికీ ఓపిక కావలసి వచ్చేది. చెన్నైని దీవులతో కలుపుతూ సుమారు 2,300 కిలోమీటర్ల మేర వేసిన సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించడంతో ఈ పరిస్థితి మారింది. నేడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లోని ఆస్టినాబాద్ వంటి పేటల్లో కిరాణా వ్యాపారికీ, కుట్టుపని చేసే మహిళకూ ఫోనే రెండో దుకాణం కాగలదు.

అయితే ఆ దుకాణపు గిరాకీ ఎక్కడుంది? 2011 జనగణన ప్రకారం దీవుల మొత్తం జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. అంటే యాభై వేల మంది. వేల సంఖ్యలో ‘లైకులు’ ప్రధాన భూభాగం నుంచి వచ్చినా, సరుకు దాటవలసింది సముద్రాన్నే. చెన్నైకి ఓడ ప్రయాణం సుమారు మూడు రోజులు. వాతావరణం అనుకూలించకపోతే ఇంకా ఆలస్యం. ఈ లెక్కన, విశాఖలోని వెయ్యి మంది వీక్షకుల కంటే పక్క వీధిలోని వంద మంది కొనుగోలుదారులే చిరు వ్యాపారికి మేలు.

అటువంటి వారికి ఉచితంగా లభించే వాట్సాప్ బిజినెస్ చాలు. అందులో వస్తువుల చిత్రాలను, ధరలను పట్టికగా ఉంచవచ్చు. బ్రాడ్‌కాస్ట్ సందేశం మాత్రం తమ ఫోనులో వ్యాపారి నంబరు భద్రపరచుకున్న వారికే చేరుతుంది. కాబట్టి ముందుగా ఆ నంబరును నలుగురి చేతా రాయించుకోవాలి. ఓడ వచ్చిన నాడు ఏ సరుకు దిగిందో, ఏది అయిపోయిందో ఉన్నది ఉన్నట్లు తెలపడం రంగురంగుల ప్రకటన కంటే ఎక్కువ పని చేస్తుంది. దీవుల్లో కొరత అందరికీ అలవాటే. దాన్ని దాచిన వ్యాపారినే జనం మరచిపోరు.

పేటవాసుల బృందంలో రోజూ ధరల పట్టికలు గుప్పిస్తే సభ్యులు మెల్లగా తప్పుకుంటారు. ఓడల వేళలు, నీటి సరఫరా, ఉగాది ఏర్పాట్లు, రక్తదాన అవసరాలు వంటి సమాచారానికి ఆ బృందాన్ని విడిచిపెట్టి, అమ్మకాలకు వేరొక బృందం నడపడం ఉచితం.

ఆవకాయ, పిండివంటలు ఇంట్లో చేసి అమ్మేవారు కూడా ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వద్ద నమోదు చేయించుకోవాలి. పగడాలు, రక్షిత జాబితాలోని గవ్వలు అమ్మకానికి పెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. పెట్టిన చిత్రమే సాక్ష్యం కావచ్చు.

చెల్లింపుల విషయానికొస్తే, డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. కొనుగోలుదారునని చెప్పి పిన్ నొక్కమన్నవారు మోసగాళ్లే. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.