వార్తల్లో పదం: ఇండస్ట్రియల్ హెంప్

గంజాయి, హెంప్ రెండూ ఒకే జాతి మొక్కలు: కన్నాబిస్ సటైవా. మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎంతుందన్నదే తేడా. అమెరికా 2018 ఫార్మ్ బిల్లు ప్రకారం ఎండు బరువులో అది 0.3 శాతం దాటకపోతేనే హెంప్. దాటితే ఆ పైరును హెంప్‌గా అమ్మనివ్వరు.

అందుకే విత్తనం ఎంపికే సాగులో సగం పని. ఫిన్లాండ్ రకం ‘ఫినోలా’ పొట్టిగా పెరిగి త్వరగా గింజ కడుతుంది. ఇటలీ ‘కార్మాగ్నోలా’ మనిషెత్తు దాటిపోయే నార రకం. ఫ్రాన్స్ ‘ఫ్యూచురా 75’లో ఆడ, మగ పూలు ఒకే మొక్కకు పూస్తాయి. పేరున్న రకం కదా అని ఎక్కడపడితే అక్కడ వేస్తే కుదరదు. హెంప్ సాధారణంగా పగటి పొడవును బట్టి పూతకొస్తుంది. సుదీర్ఘమైన వేసవి పగళ్లకు అలవాటుపడ్డ ఐరోపా నార రకాలను భూమధ్యరేఖకు దగ్గరగా విత్తితే, మొక్క ఎదగకముందే పూత వచ్చేస్తుంది, నార దిగుబడి పడిపోతుంది. నారకైతే ఒత్తుగా, గింజకైతే పలచగా విత్తుతారు.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 14వ సెక్షన్ నార, గింజల కోసం సాగును అనుమతించే వెసులుబాటు ఇచ్చింది. ఉత్తరాఖండ్ ముందుగా ఆ దారి పట్టింది. అక్కడి కుమావూ కొండల ఇళ్లలో ఈ గింజల్ని దోరగా వేయించి, జీలకర్ర, పచ్చిమిర్చి, నిమ్మరసంతో నూరి చట్నీ చేసుకోవడం ఎప్పట్నుంచో ఉంది. 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా ఈ గింజ, నూనె, పిండిని ఆహారంగా గుర్తించింది. ఆ కొండల నాటు విత్తనంలోనే టీహెచ్‌సీ తక్కువున్న రకాలను ఎంచి స్థిరపరచడం దిగుమతి విత్తనం కంటే మేలు.

తినే గింజలు కొనుక్కోవచ్చు. లైసెన్సు లేకుండా పెరట్లో ఒక్క మొక్క పెంచినా మాత్రం పదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం.