కొరివిదయ్యము పుట్టినిల్లు

చిన్ననాట చీకటిపడిన పిమ్మట మా పెద్దలు మమ్ము చెరువుగట్టుకు పోనిచ్చెడివారు కారు. అచ్చట కొరివిదయ్యము తిరుగునట. నీటియంచున నీలిమంట యొకటి రేగి, దరికి పోయినకొలది దూరముగా జరుగునట. ఆ దయ్యమును నేనెన్నడును చూడలేదు. దాని పుట్టినింటిని మాత్రము మొన్న కన్నులార చూచితిని.

విజయవాడకు పోవు రహదారియు, హైదరాబాదును చుట్టివచ్చు వలయ రహదారియు కలియు చోట పెద్ద అంబర్‌పేట యున్నది. ఆ ప్రాంతమున నొక చెరువుగట్టుపై వృద్ధుడైన రైతొకడు నాకు తోడువచ్చెను. ఆయన తన చేతికఱ్ఱను అంచుననున్న బురదలో గ్రుచ్చెను. గుడగుడమని బుడగలు పైకి వచ్చినవి.

"మా చిన్నతనంల ఎండకాలమొస్తే ఈ చెరువు నెర్రెలువారేది సారూ. బండ్లు కట్టి ఒండ్రుమట్టి చేన్లకు తోలేటోళ్లం. ఇప్పుడు ఏ కాలమైనా నిండే ఉంటది. ఏం లాభం? ఎద్దు సుత మూతి పెడ్తలేదు" అనెను.

చెరువు నిండినదనుట మన భాషలో శుభవార్త. ఆ మాట నిట్టూర్పుతో పలుకగా వినుట నాకదియే మొదలు. ఆ నిట్టూర్పునకు కారణము బుడగలలోనే యున్నది.

1776లో ఇటలీ దేశపు అలెస్సాండ్రో వోల్టా, మజోరె సరస్సు ప్రాంతమున నిట్లే బురదను కదిలించి, బుడగలను సీసాలో పట్టి నిప్పు చూపగా అవి మండెను. మనము మీథేను అనునది ఆ వాయువే. గోబరు గ్యాసు పొయ్యిలో మండునదియు నదియే. దానికి రంగు లేదు, వాసన లేదు. చెరువుకడ ముక్కు మూయించు కంపు దానితోపాటు పుట్టు గంధకపు వాయువుది. కొరివిదయ్యమును మీథేనుతో ముడిపెట్టుట కలదుగాని, అది తనంతట తానెట్లంటుకొనునో యింకను వాదములోనే యున్నది.

ఆ వాయువును చేయువారెవరు? బురదలో నొక పంక్తిభోజనము జరుగుచుండును. మొదటి పంక్తి సూక్ష్మజీవులు ఆకును, అలమును విరిచి తినును. రెండవ పంక్తివి మిగిలినదానిని పులియబెట్టును. కడపటి పంక్తికి మిగులునది ఉదజని, బొగ్గుపులుసు వాయువు, పులుసుద్రవ్యములు మాత్రమే. ఆ యెంగిలితో బ్రదుకుచు మీథేనును విడుచు జీవులివి. ప్రాణవాయువు తగిలిన నవి పనిచేయజాలవు. ఇవి బాక్టీరియాలే యని చాలకాలము తలచిరి. 1977లో అమెరికా శాస్త్రజ్ఞులు కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ వీటి వంశమే వేరని చూపిరి. ఆ వంశమునకు నేడు ఆర్కియా యని పేరు.

సముద్రపు బురదలో గంధక లవణములు మెండు. వాటితో బ్రదుకు జీవులు ఉదజనిని ముందే కాజేయును. మంచినీటి చెరువులలో ఆ పోటీ తక్కువ. అయినను చెరువునకొక కాపలా కలదు. పైపొరలోని నీటిలో ప్రాణవాయువున్నంతవరకు, మీథేనునే ఆహారముగా తిను వేఱొక జాతి సూక్ష్మజీవులు దానిని చాలవఱకు దారిలోనే పట్టుకొనును.

మురుగు చేరినప్పుడు ఈ యేర్పాటంతయు తారుమారగును. అడుగువారికి విందు పెరుగును. నీటిలోని ప్రాణవాయువు తరిగి కాపలావారు చిక్కిపోదురు. పైన గుఱ్ఱపుడెక్క పరచుకొన్న గాలియు సోకదు. వెనుక చెరువెండినపుడు అడుగుమట్టికి గాలి తగిలెడిది, పూడిక చేనికి పోయెడిది. నేడు ఏడాది పొడవునను వచ్చు మురుగు దాని నెండనీయదు. రైతు చెప్పినదిదియే.

ఇందులో మనకేమి నష్టమందురా? 20 ఏండ్ల లెక్కన చూచిన, మీథేను బొగ్గుపులుసు వాయువుకన్న సుమారు 80 రెట్లు భూమిని వేడెక్కించును. ఆ పాపమును ఒకప్పుడు మన వరిచేలపై మోపిరి. అమెరికా సంస్థ యొకటి భారతదేశపు వరిచేలు ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేను విడుచునని లెక్క కట్టెను. అది పరదేశపు చేల కొలతలనుబట్టి వేసిన లెక్క. 1991లో ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఆశేష్ ప్రసాద్ మిత్ర నాయకత్వమున మన చేలలోనే కొలిచి చూడగా, అది 40 లక్షల టన్నుల ప్రాంతమున తేలెను. అదియు ఆరుతడి పద్ధతిచే ఇంకను తగ్గును. చేను నడుమనడుమ ఆరినచో, చెరువు వేసవిలో నెండినట్లే, మట్టికి గాలి తగులును గదా!

మీథేను గాలిలో నిలుచునది సుమారు పండ్రెండేండ్లే. కనుక నేడు తగ్గించిన ఫలము మన కన్నులముందే కనబడును. అందుకు చెరువును పూడ్చి యిండ్లు కట్టుట మార్గము కాదు. మురుగును శుద్ధిచేసి పంపవలెను, పూడికను తీయవలెను. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికమట్టి మరల చేలకు చేరుట మనము చూచితిమి. ఆ జీవులనే మూసిన తొట్టిలో నుంచి మురుగు పెట్టినచో, అవి మనకు వంటచెరకు నిచ్చును. అవి దయ్యములు కావు. పెట్టినదానిని తిను ప్రాణులు.

రైతు కఱ్ఱను బురదనుండి లాగి గట్టుపై గడ్డికి తుడిచెను. "సారూ, మల్ల ఒక్కపారి ఈ చెరువు ఎండితే సూడాలని ఉన్నది" అనెను. ఎండిన చెరువును కోరు రైతును నేనింతవఱకు చూచి యెఱుగను.