కరువు సీమలో కొండంత బసవన్న

లేపాక్షి: బెంగళూరు - హైదరాబాదు రహదారిపై కొడికొండ దగ్గర మలుపు తిరిగి హిందూపురం వైపు వచ్చేవారికి లేపాక్షిలో ముందుగా దర్శనమిచ్చేది గుడి కాదు, బసవన్న. ఒకే రాతిలో మలచిన విగ్రహం. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడే గాని తల మాత్రం ఎత్తే ఉంది. పైన మండపం లేదు. ఎండా వానా అన్నీ ఒంటి మీదే.

ఇక్కడికి ఫర్లాంగు దూరంలో కూర్మశైలంపై వీరభద్రస్వామి ఆలయం. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో (1529-42) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. ఆలయంలోని నాగలింగం వైపే బసవన్న చూపు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని రాజు ఆగ్రహిస్తే విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని చెబుతారు. ఆ ఎర్రటి మరకలను నేటికీ చూపిస్తారు. నిజానిజాల మాట ఎలా ఉన్నా ఆ గోడ దగ్గర ఆగనివారు లేరు.

యాగంటి బసవన్న మాదిరి మా బసవన్న పెరుగుతాడని ఎవరూ అనరు. పెరగకపోయినా పేరు మాత్రం పెరిగింది. భీమవరంలో పుట్టిన అడవి బాపిరాజు ఈయనపై పాట కట్టారు. 1964లో ప్రభుత్వం సినిమాలకు ఇవ్వడం మొదలుపెట్టిన నంది బహుమతులకు ఈ నందే ఆధారం. 2022లో గుడితో పాటు బసవన్న కూడా యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాడు. అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లా విడిపోయి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. అయినా అనంతపురం వాళ్ళు 'మా బసవన్న' అనడం మానలేదు.

కార్లలో వచ్చేవారు ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. పల్లె రైతు చూపు వేరు. మూపురం చూస్తాడు, మెడ చూస్తాడు, గంటలు లెక్కపెడతాడు.

2002 కరువు నాకు బాగా గుర్తు. శెనక్కాయ చేను ఎండిపోయింది. కొట్టంలో గడ్డిపోచ లేదు. మా నాన్న ఎద్దుల జతను సంతకు తోలుకుపోతుంటే నేనూ వెంట నడిచాను. బసవన్న ముందు ఎద్దులను నిలిపి, "మొక్కుకోరా, మళ్ళీ ఇట్లాంటి జత మనింటికి వచ్చేది ఎప్పుడో" అన్నాడు. బేరగాడు ఇచ్చింది పాత అప్పుకే సరిపోయింది. ఆ తర్వాత మా ఇంటికి ఎద్దులు రాలేదు. ఇప్పుడు దుక్కికి బాడుగ ట్రాక్టరే. మా ఊళ్ళో చాలా కొట్టాల సంగతి ఇదే.

నిరుడు నాన్నను మళ్ళీ తీసుకుపోయాను. నేను యునెస్కో సంగతి చెబుతుంటే ఆయన చెవిన పెట్టలేదు. బసవన్న చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి, మెడలోని గంటల వరుస చూపించి, "మన ఎర్రెద్దుకు కట్టిన గంటలు ఇంట్లోనే ఉన్నాయి కదరా?" అని అడిగాడు.

ఉన్నాయి. అటక మీద.