నమూనా రైలు వంతెనల కిట్లు

నమూనా రైలు వంతెన కిట్టు అనగా నిజమైన రైలు వంతెనను నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి తయారుచేసిన విడిభాగాల సముదాయం. అభిరుచి గలవారు ఈ భాగాలను స్వయంగా అతికించి, రంగు వేసి తమ నమూనా రైలుమార్గంలో అమర్చుకొంటారు. ప్లాస్టిక్, అట్ట, లేజరుతో కోసిన చెక్క, ఇత్తడి కిట్లు లభిస్తాయి. జర్మనీకి చెందిన ఫాలర్, కిబ్రి, అమెరికాకు చెందిన సెంట్రల్ వ్యాలీ, బ్రిటన్‌కు చెందిన డాపోల్ పేర్లు ఈ రంగంలో ప్రసిద్ధమైనవి. ఈ కిట్లు ఎక్కువగా పాశ్చాత్య దేశాల వంతెనలను అనుసరించినవి. కనుక తెలుగునాటి వంతెనను పోలిన నమూనా కావాలనుకొనేవారు కొలతలను ముందుగా లెక్కించుకోవాలి.

నిష్పత్తి, కొలతలు

అధికంగా వాడుకలో ఉన్న నిష్పత్తులు రెండు. హెచ్‌ఓ నమూనా అసలులో 87వ వంతు, ఎన్ నమూనా 160వ వంతు. రెండు ఆధారాల నడుమ గల వంతెన భాగాన్ని స్పాన్ అంటారు. భారతీయ రైల్వేలలో ప్రామాణికమైన కొన్ని స్పాన్‌లు నమూనాలో ఈ విధంగా ఉంటాయి:

* 12.2 మీటర్లు: హెచ్‌ఓలో 14 సెం.మీ., ఎన్‌లో 7.6 సెం.మీ.
* 18.3 మీటర్లు: హెచ్‌ఓలో 21 సెం.మీ., ఎన్‌లో 11.4 సెం.మీ.
* 45.7 మీటర్లు: హెచ్‌ఓలో 52.5 సెం.మీ., ఎన్‌లో 28.6 సెం.మీ.

హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఇది 1,435 మి.మీ. ప్రామాణిక గేజికి సరిపోతుంది. భారతదేశపు 1,676 మి.మీ. బ్రాడ్‌గేజికి లెక్కప్రకారం 19.3 మి.మీ. కావాలి. అందువలన సాధారణ హెచ్‌ఓ పట్టాలపై మన రైలుమార్గం కొంత ఇరుకుగా కనిపిస్తుంది.

తెలుగునాటి వంతెనలు

రాజమండ్రి వద్ద గోదావరిపై నిర్మించిన హేవ్‌లాక్ వంతెన 1900లో ప్రారంభమై 1997లో రైళ్ళ సేవ నుండి విరమించింది. దీనికి 45.7 మీటర్ల స్పాన్‌లు 56 ఉన్నాయి. హెచ్‌ఓలో పూర్తిగా నిర్మిస్తే ఆ స్పాన్‌ల పొడవే దాదాపు 29 మీటర్లు అవుతుంది. 1997లో పూర్తయిన గోదావరి ఆర్చి వంతెనలో 97.55 మీటర్ల స్పాన్‌లు 28 కలవు. అందులో ఒక్క స్పాన్ నమూనాయే 1.12 మీటర్లుంటుంది. ఇంత పొడవు ఇంటి గదిలో ఇమడదు.

ఇటువంటప్పుడు స్పాన్‌ల సంఖ్యను తగ్గించవచ్చును గాని, ఒక్కొక్క స్పాన్‌ను కుదించరాదు. స్పాన్ పొడవు, ఎత్తుల మధ్యనున్న పొందికయే వంతెనకు రూపాన్నిస్తుంది. రెండు లేదా మూడు స్పాన్‌లు సరైన కొలతలతో ఉంటే చాలు, చూపరులు అసలు వంతెనను గుర్తుపడతారు. రైళ్ళు తిరగని హేవ్‌లాక్ వంటి వంతెన మీద రైలును మరల చూడగలిగేది ఇటువంటి నమూనాలోనే.

కొత్తవారికి చిన్న వంతెనలే అనువైనవి. కొల్లిపర, తెనాలి ప్రాంతం కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉన్నది. ఇటువంటి డెల్టాలో రైలుమార్గం కాలువను దాటే చోటును నమూనాగా తీసుకొంటే, 12.2 లేదా 18.3 మీటర్ల ఒకే ఒక ఇనుప గర్డరు సరిపోతుంది. హెచ్‌ఓలో అది జానెడు పొడవే గనుక చిన్న బల్లపైన కూడా అమరుతుంది.

నిర్మాణ విధానం

ముందుగా భాగాలను సూచనల పత్రంతో సరిచూసుకొని, ప్లాస్టిక్ భాగాలైతే సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. లేనిచో అచ్చునుండి అంటిన జిడ్డు వలన రంగు పట్టదు. భాగాలను చట్రం నుండి చేతితో విరవక, చిన్న కటింగు ప్లయరుతో కత్తిరించి ఆకురాయితో నునుపు చేయాలి. జిగురు వేయకముందే ఒకసారి కూర్చి చూడటం మంచిది.

వంతెన రెండు పక్కలను సమతలమైన గాజు పలకపై పరచి అతికించాలి. ఇవి అద్దంలో ప్రతిబింబాలవలె ఉండాలి. రెండింటినీ ఒకే వైపుకు చేయటం తరచుగా జరిగే పొరపాటు. ప్రాట్ ట్రస్‌లో ఏటవాలు కమ్మీలు పైనుండి కిందికి వంతెన మధ్యభాగం వైపు వాలి ఉంటాయి. బరువు పడినపుడు అవి సాగదీతకు, నిలువు కమ్మీలు నొక్కుడుకు లోనవుతాయి. కమ్మీలను తిరగవేస్తే నమూనా నిలుస్తుంది గాని, అది ప్రాట్ ట్రస్ కాదు.

ప్లాస్టిక్ జిగురు అంచులను కరిగించి కలుపుతుంది. కనుక కుంచెతో స్వల్పంగా మాత్రమే వాడాలి. మూలమట్టంతో మూలలను సరిచూసి, పూర్తిగా ఆరిన తరువాతనే కదపాలి. భారతీయ రైల్వేల ఉక్కు వంతెనలకు అల్యూమినియం రంగు వాడుక గనుక వెండి బూడిదరంగు సహజంగా ఉంటుంది. బేరింగుల వద్ద కొద్దిగా తుప్పురంగు అద్దవచ్చును.

అమరిక, జాగ్రత్తలు

పట్టాల అతుకులు వంతెనపై రాకుండా చూడాలి. నిజమైన గర్డరుకు ఒక చివర స్థిరంగా, రెండవ చివర వేడికి సాగేందుకు వీలుగా ఉంటుంది. నమూనాలోను ఒక చివరనే అతికించి రెండవదానిని ఆనించి వదిలితే, వేసవిలో ప్లాస్టిక్ వంగదు. ఏటవాలు 100కు 2 చొప్పున ఉంటే, 7 సెం.మీ. ఎత్తు ఎక్కటానికి 3.5 మీటర్ల మార్గం కావాలి. మలుపులో పొడవైన పెట్టె మధ్యభాగం లోపలికి, చివరలు వెలుపలికి జరిగి ట్రస్‌కు తగులుతాయి. కనుక ట్రస్ వంతెనను తిన్నని మార్గంలోనే ఉంచి, శాశ్వతంగా బిగించక ముందు అన్నిటికంటె పొడవైన పెట్టెను దానిమీద నడిపి చూడాలి.